తీరం దాటాక

"ఆవిడగారినే అడుగు. ఈ ఇంట్లో వానా ఎండా ఆవిడ చెబితేనేగా!"

రహీమాబీ ఆ మాట భర్తతో అంది. వినవలసిన మనిషి మాత్రం పొయ్యి దగ్గర ఉంది. మూడు రోజులుగా అత్తగారి మాటలన్నీ ఇలా మామగారి మీదుగానే కోడలికి చేరుతున్నాయి.

మెహరాజ్ తల తిప్పలేదు. మూడు లీటర్ల గిన్నెలో పాలు అడుగు దాటలేదు. వాటిలో నీళ్ళు కలిపితే పాపం, కలపకపోతే టీ చాలదు. ఏది చేసినా తప్పు తనదే అవుతుందని ఆమెకు తెలుసు.

ఖాదర్ వలి తడిసిన తువ్వాలు పిండి దండెం మీద వేశాడు. "నేనడిగింది పాలు ఎన్నొచ్చినయ్యని. వాన గురించి కాదు."

"లీటరున్నర. ఆరు గేదెలకి లీటరున్నర! పాల కేంద్రం కాడ ఆ రత్నబాబు క్యాను ఊపి చూసి, 'గేదెలు కూడా తుపానుకి సెలవు పెట్టినయ్యా రహీమమ్మా' అని నవ్వాడు. ఇరవై ఏళ్ళు పూట తప్పకుండా పాలు పోసిన దాన్ని. నన్ను చూసి నవ్వాడు వాడు!"

"నవ్వితే నవ్వాడులే."

"నీకేం, నువ్వు మగాడివి. గేదెలున్న మిల్లు చుట్టూ తిరిగి చూస్తే అయిపోయింది. పొదుగు కింద కూర్చునేది నేను. నిండా పాలు పెట్టుకుని ఒక్క చుక్క వదలవు. కాళ్ళు ఎత్తి తన్నుతున్నయ్. వాటికి ఆ చోటు కొత్త, ఆ కుక్కలు కొత్త. చోటు మారితే గేదె చేపదని సముద్రం ఒడ్డు వాళ్ళకి ఎవరన్నా చెప్పారా?"

సముద్రం ఒడ్డు వాళ్ళు అంటే కోడలు. మెహరాజ్‌ది బందరు పక్కన గిలకలదిండి. నందిగామ అవతల మునేటి ఒడ్డునున్న ఈ ఊరికి కాపురానికి వచ్చి ఏడాదిన్నర.

తుపాను కబురు తెలిసిన రోజున ఈ ఊళ్ళో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అది బందరుకి, దివిసీమకి వచ్చేది. ఇక్కడ నాలుగు చినుకులు పడతాయి, అంతే. మెహరాజ్ ఒక్కతే ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఏటి ఒడ్డున ఉన్న గేదెల పాక రేకులది. చిన్నప్పుడు తన చిన్నాన్న ఆవు మీద అలాంటి రేకే లేచి పడటం ఆమె కళ్ళారా చూసింది. మూడు రోజులు అడిగి, బతిమాలి, చివరికి ఏడ్చి, గేదెలను మెరక మీదున్న కొండలరావు రైసుమిల్లు ఆవరణలోకి తోలించింది. ఇంటికప్పు మీద ఇసుక బస్తాలు వేయించింది. బిందెలన్నీ నింపి మూతలు పెట్టింది. పెరట్లో మునగచెట్టు కొమ్మలు కొట్టించింది.

ఆ మునగచెట్టు రహీమాబీ నాటినది.

నిన్న రాత్రి గాలి వీచింది. ఓ గంట సేపు గట్టిగానే వీచింది. తెల్లారి చూస్తే పక్కింటి బ్రహ్మయ్య దడి మీది చిక్కుడు తీగ కూడా జారలేదు.

"మీ తుపాను మా చిక్కుడుపాదుకి కూడా చాల్లేదమ్మాయ్!" అని బ్రహ్మయ్య గోడ మీదుగా కేకేశాడు. అతనిది వేళాకోళమే. కానీ రహీమాబీ ఆ మాటను చీర కొంగున ముడేసుకుంది.

సరిగ్గా అప్పుడే మెహరాజ్ ఫోను మోగింది. తుపాను జాగ్రత్తకని రెండు రోజుల కిందటే కరెంటు తీసేశారు. ఇంట్లో మిగతా రెండు ఫోన్లూ నిన్నే ఆరిపోయాయి. దీనిలోనే కాస్త ప్రాణం ఉంది.

"అమ్మా!"

"దాటిపోయింది బిడ్డా." గిలకలదిండి నుంచి తల్లి గొంతు అలసటగా, తేలికగా వినిపించింది. "రాత్రి పన్నెండింటికి తీరం దాటింది. అందరం స్కూల్లోంచి ఇళ్ళకొచ్చేశాం. మసీదు కాడ చెట్టొకటి పడింది, ఇంకేం లేదు. ఇదుగో, ఇప్పుడే పొయ్యి వెలిగించా. ఇక గండం గడిచింది. మీరంతా..."

ఫోను ఆరిపోయింది.

మెహరాజ్ దాన్ని గూట్లో పెట్టింది. తల్లి పొయ్యి వెలిగించిందంటే ఇక ఏమీ లేనట్టే. చిన్నతనం నుంచి ఆమె చూసిన తుపానులన్నీ అక్కడే అయిపోయాయి. స్కూల్లో రాత్రంతా చాపల మీద కూర్చోవడం, తెల్లారి ఎవరో 'దాటింది' అనడం, ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి పిల్లల్ని వెతుక్కోవడం. దాటిన తుపాను ఆ తర్వాత ఎక్కడికి పోతుందో గిలకలదిండిలో ఎవరూ అడగరు.

"ఏమన్నారమ్మా మీవాళ్ళు?" ఖాదర్ వలి దగ్గరకు వచ్చి అడిగాడు.

"దాటిపోయిందంట మామయ్యా. అందరూ బాగున్నారు."

"అల్లా దయ." ఆయన గడప మీద కూర్చున్నాడు. గడ్డం రుద్దుకుంటూ ఓ క్షణం ఆలోచించాడు. "అయితే గేదెల్ని పాకకి తోలుకుపొమ్మంటావా? ఇంకా భయమేమన్నా ఉంటదా?"

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆ ఇంట్లో గేదెల గురించి ఏ నిర్ణయమైనా రహీమాబీదే. ఏ గేదెను అమ్మాలి, ఏ దూడను ఉంచాలి, ఏ గడ్డి వెయ్యాలి, ముప్పై ఏళ్ళుగా ఆమె మాటే. ఖాదర్ వలి ఇవాళ ఆ మాటను కోడలిని అడిగాడు. ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు. తుపాను సంగతి తుపాను తెలిసినవాళ్ళనే అడగాలి కదా అనుకున్నాడంతే.

మెహరాజ్ వంటింటి గుమ్మం వైపు చూసింది.

"దాటాక ఏముంటది మామయ్యా? ఇక భయం లేదు. తోలుకెళ్ళండి."

"మునేట్లో నీళ్ళు చూసొచ్చావా ఖాదరూ?" బ్రహ్మయ్య మళ్ళీ గోడ మీదుగా తల ఎత్తాడు.

"పొద్దున్నే చూసా. మోకాలి బంటి లేవు. ఇసుక తెలుస్తా ఉంది."

"అంతేలే. కార్తీకంలో మునేరేం వస్తది, దానికి మాత్రం సెలవులుండవా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. రహీమాబీ బయటకు వచ్చి, పాల క్యాను తీసుకుని, ఎవరివంకా చూడకుండా చెప్పులేసుకుంది. గేదెలను ఎక్కడికి తోలినా ఆమె లేకుండా ఎప్పుడూ జరగలేదు. ఇవాళ కూడా వెళ్ళింది. కానీ అవును కాదు అనే మాట ఆమె నోటి నుంచి రాలేదు.

*

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక రహీమాబీ తిరిగి వచ్చింది. ఆమె నడక చూసే మెహరాజ్‌కు అర్థమైంది. క్యాను బరువుకు ఆమె కుడి భుజం కిందికి వాలి ఉంది.

"గిన్నె తే."

మూడు రోజుల్లో అత్తగారు ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

మెహరాజ్ పరుగున వెళ్ళి పెద్ద గిన్నె తెచ్చింది. పాలు పోస్తుంటే నురుగు అంచులు దాటింది. రహీమాబీ ఆ నురుగును వేలితో తీసి గిన్నెలోకే విదిలించింది.

"పాకలోకి అడుగు పెట్టినయ్యో లేదో, నల్లది నేను చెయ్యి వెయ్యకముందే కారుస్తా నిలబడింది. పాపం, మూడు రోజులు మోసింది కదా. పొదుగు రాయల్లే అయిపోయింది."

"మామయ్య తినటానికి రాలేదా అత్తమ్మా?"

"ఆయనకి గడ్డి కోసే పని ఉంది. మళ్ళీ సాయంత్రం పాలు తీశాకే వస్తాడు. రొట్టెలు నేనే ఇచ్చొచ్చా." కొంగుతో మొహం తుడుచుకుంది. "చిక్కటి టీ పెట్టు. నీక్కూడా. మొహం చూడు, ఈ మూడు రోజుల్లో ఎట్టా పీక్కుపోయిందో. మీ అమ్మ చూస్తే మేం తిండి పెట్టలేదనుకుంటది."

మెహరాజ్‌కు కళ్ళు చెమర్చాయి. పొగ వల్ల అన్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

"నా మునగచెట్టు మాత్రం నేను మర్చిపోను," అంది రహీమాబీ.

"చిగురేస్తదిలే అత్తమ్మా. కొట్టిన చోటే దట్టంగా వస్తది."

"రాకపోతే?"

"రాకపోతే నన్ను నాటండి అక్కడ."

రహీమాబీ నవ్వబోయి ఆపుకుంది. ఇద్దరూ వసారాలో కూర్చుని టీ తాగారు. చినుకు లేదు. ఎండా లేదు. ఆకాశం పాలలో బూడిద కలిపినట్టు ఉంది. పొలాల వైపు నుంచి ఒక్క పక్షి కూత కూడా వినిపించడం లేదు.

రహీమాబీ గ్లాసు పెదవుల దగ్గర ఆపి, "ఈ గాలి..." అంది.

"ఏంటత్తమ్మా?"

"ఏం లేదు. తాగు, చల్లారిపోద్ది."

*

మూడున్నరకు కరెంటు వచ్చింది. ఫ్యాను ఒక్కసారి మూలిగి తిరగడం మొదలుపెట్టింది. ఊరంతా 'వచ్చింది, వచ్చింది' అని పిల్లల కేకలు.

మెహరాజ్ మూడు ఫోన్లూ వరసగా చార్జింగుకు పెట్టింది. మామగారిది, అత్తగారిది, తనది. పది నిమిషాలు గడిచాక తన ఫోను వెలిగింది. వెలగగానే గిలగిలా కొట్టుకున్నట్టు మోగుతూనే ఉంది. భర్త ఇక్బాల్ పంతొమ్మిది సార్లు చేశాడు.

ఇక్బాల్ సిమెంటు లారీ నడుపుతాడు. నిన్న జగ్గయ్యపేటలో లోడెత్తుకుని వరంగల్లు బయల్దేరాడు. ఆమె చేయబోయేలోగా అతనే మళ్ళీ చేశాడు.

"మీ ఫోన్లన్నీ ఏమైపోయినయ్? పొద్దున్నించి చచ్చిపోతున్నా ఇక్కడ!"

"కరెంటు లేదండీ. ఇప్పుడే వచ్చింది. మీరెక్కడున్నారు?"

"డోర్నకల్ దాటినాక లారీ పక్కకి ఆపేసా. ముందుకీ పోదు, వెనక్కీ పోదు. రోడ్డు మీద నడుంలోతు నీళ్ళు. రాత్రి రెండింటి కాడ మొదలైంది మెహరూ, కుండపోత. ఇంతవరకూ తెరిపి ఇయ్యలా."

మెహరాజ్‌కు అర్థం కాలేదు. "అక్కడ వానేంటి? తుపాను దాటిపోయింది కదా. మా అమ్మ చెప్పింది."

"దాటి ఎటు పోద్ది? ఇటే వచ్చింది. నా నెత్తి మీదే ఉంది!"

ఆమె కిటికీలోంచి ఆకాశం వంక చూసింది.

"విను. ఇక్కడి నీళ్ళన్నీ మునేట్లోకే. ఖమ్మం కాడ బ్రిడ్జికి పొద్దున్నే తాకినయ్యంట. పోలీసులు బళ్ళు ఆపేశారు. అవి మన కాడికి సాయంత్రానికల్లా వస్తయ్. సర్లే, గేదెలు మిల్లులోనే ఉన్నయ్‌గా? అదొక్కటే కొంచెం ధైర్యం. నువ్వు పోరి తోలించబట్టి సరిపోయింది. నాన్నకి చెప్పు, ఇంకో రెండు రోజులు అక్కడే ఉంచమని."

ఆమె చార్జింగులో ఉన్న మామగారి ఫోను వంక చూసింది.

"మెహరూ? ఉన్నావా?"

"గేదెలు పాకలో ఉన్నయ్."

"ఏంటి?"

"పొద్దున్న తోలుకెళ్ళారు. నేనే తోలుకెళ్ళమన్నా. మామయ్య కూడా అక్కడే ఉన్నారు. ఆయన ఫోను ఇక్కడ చార్జింగులో ఉంది."

వాన చప్పుడులోంచి ఇక్బాల్ చాలా మెల్లగా అడిగాడు.

"టైమెంతయింది?"

"నాలుగు కావస్తోంది."

"పరిగెత్తు," అన్నాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో రహీమాబీ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. తిట్టలేదు. శాపం పెట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగింది.

"బ్రహ్మయ్య బాబాయ్!" మెహరాజ్ గోడ దగ్గర నిలబడి అరిచింది. "మునేరు వస్తా ఉందంట. మామయ్య పాక కాడ ఉన్నారు. తాళ్ళు తీసుకుని చప్టా కాడికి రండి. ఇంకా ఎవరినన్నా పిలవండి!"

చిక్కుడుపాదు వెనక బ్రహ్మయ్య మొహంలోంచి నవ్వు పోవడం ఆమె చూసింది. అతను బదులు చెప్పకుండా లోపలికి పరిగెత్తాడు.

*

ఊరు దాటితే కిలోమీటరు దూరంలో వాగు. ఆ వాగు దాటటానికి నేలబారు వంతెన, చప్టా. చప్టా అవతల వాగుకీ మునేటికీ మధ్య ఉన్న ఎకరంలో వాళ్ళ గడ్డి, వాళ్ళ పాక. అక్కడికి వేరే దారి లేదు.

రహీమాబీ ముందు, మెహరాజ్ వెనక. చేల గట్ల మీద పరిగెత్తుతుంటే ఊళ్ళో చర్చి మీది మైకు మోగడం మొదలైంది. కరెంటు వచ్చాక దానికీ నోరు వచ్చింది. 'మునేటి ఒడ్డున ఉన్నవారు వెంటనే...' మిగతా మాటలు గాలికి కొట్టుకుపోయాయి.

"అత్తమ్మా, నన్ను క్షమించండి. నాకు తెలీదు. మాకు దాటితే అయిపోతది. ఇట్టా వెనక నించి వస్తదని..."

"నీకెట్టా తెలుస్తది?" రహీమాబీ ఆగలేదు, తిరిగి చూడలేదు. రొప్పుతూ అంది. "నాకు తెలుసు."

మెహరాజ్ వేగం పెంచి ఆమె పక్కకు వచ్చింది.

"పొద్దున ఆ మాట ఆయన అడగబోయే ముందే చూసా. మబ్బంతా ఖమ్మం దిక్కుకి పోతా ఉంది. మునుపు మునేటికి పెద్ద వరదొచ్చినప్పుడు కూడా అట్టాగే పోయింది. గాలి కూడా అదే. ఒక్క రోజు ఆగి చూద్దాం అందామని నాలిక చివరిదాకా వచ్చింది."

"మరి అనలేదేం?"

"ఆయన నన్నడగలా. నిన్నడిగాడు."

చప్టా వచ్చేదాకా ఇద్దరూ పరుగు ఆపలేదు.

చప్టా ఇంకా కనిపిస్తూనే ఉంది. దాని మీద జానెడు నీళ్ళు. అది కాదు మెహరాజ్‌ను ఆపేసింది. వాగు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి పారి మునేట్లో కలుస్తుంది. ఇప్పుడు కుడి నుంచి ఎడమకి పారుతోంది. ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా, తుమ్మకొమ్మల్నీ గడ్డిమోపుల్నీ మోసుకుంటూ మునేరే వాగులోకి ఎదురెక్కి వస్తోంది.

ఇలా ఎదురు వచ్చే నీళ్ళు ఆమెకు తెలుసు. గిలకలదిండి కాలవలో రోజూ వస్తాయి. దాన్ని పోటు అంటారు. పోటైతే ఆరు గంటల్లో వెనక్కి పోతుంది. దీనికి వెనక్కి పోయే వేళ ఏదో ఆమెకు తెలియదు.

"అదుగో!" అంది రహీమాబీ.

అవతలి ఒడ్డున ఖాదర్ వలి. లుంగీ పైకి కట్టి రెండు గేదెలను ముందు పెట్టుకుని తోలుకొస్తున్నాడు. నీళ్ళను చూసి గేదెలు మొరాయించాయి. ఆయన కర్రతో అదిలించాడు. నల్లది ముందు దిగింది. దాని వెనక రెండోది. మోకాళ్ళ లోతులో నడిచి ఇవతలికి వచ్చి, ఒళ్ళు విదిలించుకుని, రహీమాబీ పక్కన నిలబడ్డాయి.

ఖాదర్ వలి వాటితోపాటు రాలేదు. చప్టా మధ్యదాకా వచ్చి ఆగాడు.

"వచ్చెయ్!" రహీమాబీ చేతులెత్తి అరిచింది. "వచ్చెయ్యవయ్యా!"

"నాలుగు ఉన్నయ్ ఇంకా. గుంజలకి కట్టేసున్నయ్."

"ఉంటే ఉండనీ. నువ్వు రా!"

"మామయ్యా, నీళ్ళు పెరుగుతున్నయ్. వచ్చెయ్యండి!" మెహరాజ్ కూడా అరిచింది.

ఆయన ఆమె వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే ఆమె భరించలేకపోయింది. 'ఒక్క నిమిషం' అన్నట్టు వేలు చూపించాడు.

"పలుపులు విప్పి వస్తా. కట్టేసి ఎట్టా వదులుతానమ్మా, ఉరి పడి చస్తయ్యి."

వెనక్కి తిరిగాడు. నీళ్ళు ఆయన మోకాళ్ళు దాటాయి. అవతలి ఒడ్డు ఎక్కి గడ్డిలోంచి పాక వైపు నడిచాడు. తెల్ల బనీను కొంతదూరం కనిపించి, పాక మలుపులో కనిపించకుండా పోయింది.

ఊరివైపు గట్ల మీద బ్రహ్మయ్య, అతని వెనక నలుగురైదుగురు. ఇంకా చాలా దూరంలో ఉన్నారు. చప్టాకు ఆ చివరనున్న హద్దురాయి మీదికి నీళ్ళెక్కాయి. చూస్తుండగానే రాయి లేదు.

"గేదెలకి ఈతొస్తది," అంది రహీమాబీ. ఎవరితోనో మామూలుగా చెబుతున్నట్టు అంది. "ఆయనకి రాదు."

అని చీర కుచ్చెళ్ళు ఎత్తి నడుముకి దోపుకుని నీళ్ళలోకి దిగింది.

మెహరాజ్ ఒక్క అంగలో వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది. రహీమాబీ ఆ చేతిని విదిలించుకోలేదు.

ఆగనూ లేదు.